ఆక్టోపస్ కుండలో నా బ్రష్

జెద్దాలో పనికి చేరిన ఆరు నెలలకే కొన్ని వేల మంది పసిపిల్లల ప్రాణాల మీదికి తెచ్చాను నేను. కంగారు పడకండి, విషయం పోలీసుల దాకా పోలేదు. అయినా ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మాది జగిత్యాల దగ్గర పల్లె. ఎర్ర సముద్రం ఒడ్డున ఒక పరిశోధనశాలలో నీటి తొట్లు, పంపులు శుభ్రంగా ఉంచడం నా పని. సముద్రాన్ని మొదటిసారి విమానం కిటికీలోంచి చూసినవాణ్ణి. నెల తిరిగేసరికి మాత్రం చేపలే వచ్చి నన్ను సలహా అడగాలన్నట్టు తిరిగేవాణ్ణి.

నాలుగో తొట్టిలో ఒక పెద్ద ఆక్టోపస్ ఉండేది. చేతులు చాపితే నా మంచానికి అడ్డంగా పట్టదు. క్షణానికో రంగు మార్చేది. పీతను వేస్తే గొడుగులా మీద పడేది. అలాంటిది ఒకరోజు తొట్టిలోని మట్టికుండలో దూరి ఇక బయటికి రాలేదు. పీతను వేస్తే పక్కకు నెట్టేసింది. పైగా కుండ మూతి నిండా రాళ్లు. నేను తీసి పక్కన పెడితే మర్నాటికి మళ్లీ అక్కడే ఉండేవి.

ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. ఆ గదిలోకి వచ్చేది మేత తెచ్చే డ్రైవరు యూసుఫ్ భాయ్ ఒక్కడే. నిలదీశాను.

"నా తొట్ల రాళ్లెందుకేస్తున్నవ్ భాయ్?"

"రాళ్లేసేకి కర్నూలు నుంచి ఈడికొచ్చినానా అప్పా?"

నేను నమ్మలేదు. మాటలు బంద్. ఆయన నన్ను బండి ఎక్కించుకోవడం మానేశాడు. రోజూ ఎండలో మేముండే క్యాంపు దాకా నడిచానే గానీ తగ్గలేదు.

మా శాస్త్రవేత్త సౌదీ మేడమ్. అందరం దక్తూరా అంటాం, అరబ్బీలో డాక్టరమ్మ అని. ఆవిడ మీటింగుకు ధహ్రాన్ వెళ్తూ తొట్టి మీద అరబ్బీలో ఒక కాగితం అంటించింది. అరబ్బీ నాకు రాదు. యూసుఫ్ భాయ్‌కి వచ్చు. ఆయనతో నాకు మాటల్లేవు.

ఆవిడ వెళ్లిన నాలుగో రోజు టార్చి వేసి కుండలోకి చూశాను. పైనుంచి తెల్లటి గుత్తులు వేలాడుతున్నాయి. బూజు! ఇల్లు పాచిపట్టి పాపం రోగమొచ్చిందని తేల్చేసి, పొడుగు బ్రష్ లోపలికి దూర్చి ఒక్క రుద్దు రుద్దాను.

ఒక చెయ్యి వచ్చి బ్రష్ పట్టుకుంది. వెనకే రెండోది, మూడోది. నేను లాగుతాను, అది లాగుతుంది. నాకున్నవి రెండే చేతులని అప్పుడు తెలిసొచ్చింది. చివరికి ముఖం మీద ఉప్పునీళ్లు చిమ్మేసరికి బ్రష్‌తో సహా వెల్లకిలా పడ్డాను. కళ్లు తెరిస్తే గుమ్మంలో దక్తూరా, ఆమె వెనక బ్యాగు మోస్తూ యూసుఫ్ భాయ్.

ఆవిడ నన్ను చూడలేదు, బ్రష్‌కు అతుక్కున్న తెల్లటి గుత్తిని చూసింది. ముఖం పాలిపోయింది. ఆవిడ చెప్పింది యూసుఫ్ భాయ్ నాకు తెలుగులో చెప్పాడు.

"అది బూజు కాదప్పా, గుడ్లు. పిల్లలయ్యేదాకా తల్లి కూడు ముట్టదు. రాళ్లు కూడా అదే పెట్టుకుంటాది, వాకిలి మూసుకునేకి. కాగితంలో ఉండేది అదే. ముట్టుకోవద్దని."

బతుకులో ఒక్కసారే గుడ్లు పెడుతుందట. వాటి మీదికి నీళ్లు ఊదుతూ, దుమ్ము తుడుస్తూ కాపలా కాసి, పిల్లలు బయటపడగానే చనిపోతుందట. నేను నేలమీదే కూర్చుండిపోయాను.

"మేడమ్, నన్ను ఇంటికి పంపిస్తరా?"

ఆవిడ టార్చి వేసి చూసింది. మిగతా గుత్తులన్నీ భద్రంగా ఉన్నాయి. ఊడొచ్చిన గుత్తిని గాజు జాడీలో వేలాడదీసి గాలి గొట్టం పెట్టింది. తల్లి చేసే పని ఇక ఆ బుడగలు చేస్తాయని, అవి ఆగకుండా చూసే బాధ్యత నాదని చెప్పింది.

మూడు వారాలు ఆ జాడీకి అతుక్కుపోయాను. ఏం చేస్తున్నావని మా ఆవిడ ఫోన్లో అడిగితే గుడ్లు పొదుగుతున్నానన్నాను. కాసేపు ఆలోచించి, డాక్టరుకు చూపించుకోమంది.

ఒక ఉదయం జాడీ నిండా బియ్యపు గింజంత పిల్లలు, అద్దంలా మెరుస్తూ, చుక్కల్లాంటి కళ్లతో ఈదుతున్నాయి. కుండలోంచి వచ్చినవి వేలల్లో. నాలుగు రోజులకు తల్లి తెల్లబారి కన్నుమూసింది. దాని పని అది ముగించుకుందని దక్తూరా అంటే, నా గుండె కుదుటపడింది.

పిల్లల్ని సముద్రంలో వదలడానికి యూసుఫ్ భాయ్ బండిలోనే వెళ్లాం. క్షమించమని అడిగాను. రాళ్లు నావి కావని ఇప్పుడైనా తేలిందా అని నవ్వాడు.

ఆ కెరటాల ఎదుటే ప్రమాణం చేశాను. ఎక్కడ ఏ తెల్లటి మరక కనిపించినా, అది ఎవరి సంతానమో వాకబు చేయనిదే బ్రష్ ఎత్తను. నా గదిలో టీ కెటిల్‌కు పట్టిన సున్నం రెండేళ్లుగా అలాగే ఉంది. దాని తల్లి ఇంకా రాలేదు.