తొలి ముద్ద

కెనడాలో, ఎడ్మంటన్ యూనివర్సిటీ ల్యాబులో వనజ చెయ్యి చూస్తే ఎలుకలు బెదరవు, దగ్గరికొస్తాయి. వాటి మెదడును ఉల్లిపొరంత పల్చగా కోసి, డోపమిన్ అనే మెదడు రసాయనం అదుపు తప్పితే మనిషికి లేని గొంతులు ఎలా వినిపిస్తాయో కొత్తగా చేరిన విద్యార్థులకు ఓపిగ్గా చెబుతుంది. సాయంత్రం బస్సు దిగి, బూట్ల మంచు దులుపుకుని, తమ్ముడు ప్రణీత్‌కు అన్నం కలుపుతుంది. వాడికి స్కిజోఫ్రీనియా. మనవాళ్ల పార్టీల్లో షుగరు, బీపీల గురించి గొంతెత్తి మాట్లాడుకోవచ్చు. మెదడుకు జబ్బు చేస్తే మాత్రం ఇంటిల్లిపాదీ తలదించుకోవాలి. "తమ్ముడు రాలేదేం?" అంటే "ఎగ్జామ్స్, ఆంటీ" అంటుంది వనజ.

తన తిండిలో ఎవరో ఏదో కలుపుతున్నారని ప్రణీత్ భయం. మాత్ర చేతికిస్తే ఉమ్మేస్తాడు. అలా మందు మానేసి, ఓరోజు గొంతులు దూకమన్నాయని బాల్కనీ రెయిలింగు ఎక్కాడు. అప్పటినుంచి ఆమె మాత్ర నూరి పెరుగన్నంలో కలుపుతోంది. వాడి భయాన్ని తన చేత్తోనే నిజం చేసింది.

ఈరోజు వాడు కంచంలో చెయ్యి పెట్టలేదు.

"అక్కా, నువ్వే కలుపుతున్నవని చెప్తున్నయి ఆ గొంతులు. నిజమేనా?"

"నేనెందుకు కలుపుతరా?"

"అయితే తొలి ముద్ద నువ్వు తిను."

ఆమె తిన్నది. ఆవకాయ కారం వెనక మాత్ర చేదు నాలుకకు తగిలినా ముఖం కదలనివ్వలేదు. వాడి భుజాలు తేలికగా దిగాయి.

"నువ్వు చెప్పిందే కరెక్టు అక్కా. ఆ గొంతులన్నీ అబద్ధాలే," అని నవ్వి కంచం దగ్గరికి లాక్కున్నాడు.