డెరిక్ సాబ్ లైట్‌మ్యాన్

ఎల్లన్నది జగిత్యాల పక్క పల్లె. రియాద్‌లో ఎలక్ట్రీషియన్ పని. కాలిపోయిన వైరు మార్చి రమ్మని కంపెనీవాళ్లు ఒకనాడు సినిమాలు తీసే గదికి పంపితే, ఆరేళ్లు లైట్లు పడుతూ అక్కడే ఉండిపోయాడు.

అక్కడి డైరెక్టరు డెరిక్ అరవై దాటిన ఇంగ్లండు మనిషి. తన దేశంలో రెండు సినిమాలు, టీవీకి బోలెడన్ని నాటకాలు తీశాడట. వయసు మీదపడి పిలిచేవాళ్లు కరువయ్యాక ఇక్కడికొచ్చి, హెల్మెట్ ఎలా పెట్టుకోవాలి, నిచ్చెన ఎలా ఎక్కాలి అని కూలీలకు చూపే సినిమాలు తీస్తున్నాడు. వాటికే ఒక్కో షాటు దగ్గర పూటంతా గడిపేవాడు. లైటు పట్టుకున్న ఎల్లన్నకు ఆయన కనుసైగ చాలు.

ఒకసారి అలసిన కూలీగా కనిపించాల్సినవాడు రాలేదు. డెరిక్ ఎల్లన్నను కూర్చోమన్నాడు.

"నాకు యాక్టింగ్ రాదు సాబ్," అన్నాడు ఎల్లన్న వచ్చీరాని ఇంగ్లీషులో.

"ఏమీ చెయ్యకు. చూసి చాలాకాలమైన మనిషిని తలుచుకో."

ఊళ్లో ఉన్న భార్య ముత్యవ్వను తలుచుకున్నాడు. పెళ్లయి పదేళ్లు, ఆమెతో ఉన్నది పది నెలలు కూడా కాదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. డెరిక్ చాలాసేపు కట్ చెప్పలేదు.

జాగ్రత్తలు చెప్పే సినిమాలో ఏడుపేమిటని ఆఫీసువాళ్లు ఆ షాటు కత్తిరించేయించారు.

ఇంతలో ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలనే నితాఖత్ చట్టం బిగిసింది. సౌదీలు తక్కువగా ఉన్నారని కంపెనీ సర్కారు రెడ్ జాబితాలో పడింది. పైదేశాలవాళ్ల తలకింతని కట్టే లెవీ కూడా పెరిగేసరికి, ముందుగా సినిమాల గదికే తాళం పడింది. దేశం విడిచి పొమ్మని డెరిక్‌కు ఎగ్జిట్ కొట్టారు.

సూట్‌కేసు టాక్సీలో పెడుతూ, "ఇంటికేగా సాబ్, మంచిదే," అన్నాడు ఎల్లన్న.

"ఇంట్లో ఎవరూ లేరు ఎల్లన్నా," అన్నాడు డెరిక్.

ఎల్లన్నను రియాద్ శివారు సులైలో గోదాముకు మార్చారు. తెలుగు మాట వినబడని చోటు. ఒక శుక్రవారం ఉండబట్టలేక డెరిక్‌కు ఫోన్ చేశాడు.

"పనేమన్నా దొరికిందా సాబ్?"

"లేదు. నువ్వు?"

"బల్బులు మారుస్తున్నా."

ఆ తర్వాత కూడా ఎవరూ ఫోన్ పెట్టేయలేదు. అవతల వాన చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మరుసటేడు ఎల్లన్న ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకిచ్చే కార్డు, కూడా రెన్యువల్ కాలేదు. ఊళ్లో దిగిన నాడు ముత్యవ్వ చాయ్ తెచ్చి దూరంగా నిలబడింది. రోజూ ఫోనులో "నువ్వు తిన్నవా?" అని అడిగే మనిషి, ఎదుటపడేసరికి కొత్త మనిషిని చూసినట్టు తల దించుకుంది.

"అలిసిపోయి వచ్చిండ్రు. జెరసేపు పండుకోండ్రి."

"ముత్యవ్వా, నేనే," అన్నాడు ఎల్లన్న.