బైకు నంబరు మీద నడిచిన చిప్పు

మా వీధి మలుపులో బొరుగుల ఉగ్గాణి అమ్మే బండి ఆయన చట్నీ పొట్లానికి దారం అంత గట్టిగా ఎందుకు బిగిస్తాడో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. లోపల ఉండేది రెండు చెంచాల శెనక్కాయల చట్నీ. ఆయన వేసే ముడి చూస్తే బోరులోకి మోటారు దించుతున్నాడేమో అనిపిస్తుంది. గోటితో రాదు, లాగితే తెగదు, పంటితో కొరికితే చట్నీ మొత్తం చొక్కా మీదికి వస్తుంది. ఒకసారి అడిగాను కూడా. "కారిపోతే మళ్లా మీరే కదా సార్ అరిచేది" అన్నాడు. న్యాయమే.

అలాంటి పొట్లాన్ని ఆఫీసులో కూర్చొని కొరుకుతున్న ఒక పొద్దున, నేను రాసిన పైథాన్ స్క్రిప్టు మొదటి వరుసలో ఇంకొకరి పేరు చూశాను. చొక్కా పాడైంది.

మా ఆఫీసు ఒక బెంగళూరు కంపెనీ అద్దెలకు భయపడి అనంతపురంలో తెరిచిన చిన్న శాఖ. పై అంతస్తులో మేం ఆరుగురం; ఒకరిద్దరు చిప్పు భాగాలు డిజైన్ చేస్తారు, మిగిలినవాళ్లం వాటిని పరీక్షిస్తాం. కింద అంతస్తులో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తారు. రెండింటిలో ఏది దేశానికి ఎక్కువ అవసరమో కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. జనరేటరు వాళ్లది.

చిప్పు తయారుకాక ముందే దాని డిజైన్‌ను కంప్యూటర్లో నడిపించి చూడటం మా పని. దాన్నే సిమ్యులేషన్ అంటారు. తయారయ్యాక తప్పు దొరికితే దిద్దేందుకేమీ ఉండదు, చేసినవన్నీ పారేయాలి. అందుకని వందల పరీక్షలు పెడతాం. ప్రతి పరీక్షకూ ఒక నంబరు ఇస్తాం. ఆ నంబరును బట్టి పరీక్ష నడిచే దారి మారిపోతుంది. రోజూ కొత్త నంబరు ఇస్తే డిజైన్‌కు రోజూ కొత్త ప్రశ్నపత్రం ఇచ్చినట్టు.

ఇదివరకు ఈ పరీక్షలను ఒక్కొక్కటిగా చేత్తో వదిలి, అవి కక్కిన వేల వరుసలను కళ్లు చికిలించుకొని చదివేవాళ్లం. మూడు నెలల ఆదివారాలు పోగొట్టుకొని, ఆ పనంతా దానంతటదే చేసే ప్రోగ్రాంగా నేను ఆ స్క్రిప్టు రాశాను. సాయంత్రం ఒక్క కమాండు కొట్టి ఇంటికి పోవచ్చు. కొత్త నంబర్లు అదే తీసుకుంటుంది, పరీక్షలు అదే వదులుతుంది, ఒకే రకం తప్పులను ఏరి ఒక కుప్పగా వేస్తుంది. పొద్దునకు ఒక పేజీ పట్టిక సిద్ధం. పాసైనవి పచ్చ, ఫెయిలైనవి ఎరుపు. నేను చేసిన పనుల్లో మా ఆవిడ తప్పుపట్టనిది అదొక్కటే. అయితే ఆమె దాన్ని చూడలేదు.

దాని మీద తన పేరు వేసుకున్న మనిషి నాకంటే నాలుగేళ్లు సీనియరు. గార్లదిన్నె దగ్గర పల్లె. మాట మంచిది, పని తర్వాతది. స్క్రిప్టును కొత్త ఫోల్డరులోకి మార్చి, పైన తన పేరు రాసుకొని, బెంగళూరు నుంచి మమ్మల్ని నడిపించే పెద్దాయనకు చూపించాడు. ఆయన మెచ్చుకున్నాడు. నెల తిరక్కుండా మనవాడు మా టీముకు లీడ్ అయ్యాడు.

నేను నేరుగానే అడిగాను. "అన్నా, ఆ స్క్రిప్టు మీద నీ పేరుండాది."

"ఉంటాదప్పా. ఎవురిదో ఒకరి పేరుండాల కదా. రేపు చెడిపోతే అడిగేదానికి ఒక మనిషి కావాల."

"రాసింది నేను కదన్నా."

"నువ్వూ నేనూ వేరేనా ఏమప్పా? రా, టీ తాగుదాం."

తాగాను. టీ బాగుంది. కోపం వచ్చిందని చెప్పను. నాలుగు రోజులు నిద్ర పట్టలేదు, అంతే. ఐదో రోజు నుంచి ఈ మనిషిని ఎలా కింద పడేయాలా అని ఆలోచిస్తూ హాయిగా నిద్రపోయాను.

నాకు కావలసింది పెద్దదేమీ కాదు. పెద్దాయన ముందు, నలుగురూ వింటుండగా, ఆ స్క్రిప్టు తాను రాయలేదని లీడ్ తన నోటితో చెప్పాలి. దానికోసం ఐదు నెలలు కాచుకున్నాను. మధ్యలో చిల్లర సంతోషాలు లేకపోలేదు.

"ఏమప్పా, ఈ యాభై మూడో వరుస ఏం చేస్తాది?" అని వచ్చేవాడు.

"నువ్వు రాసిందే కదన్నా. నన్నడిగితే?"

"తమాషా చేస్తావు" అని నవ్వేవాడు. నవ్వు వెనక చెమట కనిపించేది. ఆ పూట అన్నం సయించేది.

ఒక సోమవారం నుంచి పట్టిక మొత్తం పచ్చగా రావడం మొదలైంది. మంగళవారం పచ్చ, బుధవారం పచ్చ. జిల్లాలో ఎక్కడా లేనంత పచ్చదనం మా గోడ మీద ఉంది. రంగు ప్రింటు తీయించి లీడే అతికించాడు. ఈ జిల్లాలో పుట్టినవాణ్ణి, అంత పచ్చదనాన్ని నేను నమ్మను. స్క్రిప్టు తెరిచి చూశాను.

కొత్త నంబరు తీసుకోవలసిన చోట ఆ వరుస లేదు. దాని బదులు నాలుగంకెల నంబరు ఒకటి కూర్చొని ఉంది. ఎక్కడో చూసినట్టుందే అనుకొని టీకి దిగితే, వైండింగ్ షాపు నీడలో కనిపించింది. లీడ్ కొత్త బైకు నంబరు. దానికోసం ఆయన ఆర్టీఓ ఆఫీసులో అదనంగా కట్టి వచ్చాడు, కూడితే తొమ్మిది వస్తుందని. పట్టికలో ఏదో ఎర్ర వరుస విసిగించి ఉంటుంది. అచ్చొచ్చిన నంబరు పెట్టి చూశాడు. ఎరుపు పోయింది. ఆ నంబరును అక్కడే ఉంచేశాడు. అంటే డిజైన్‌కు రోజూ అదే ప్రశ్నపత్రం. ఎందుకు పాసవదు?

నా దగ్గరున్న పాత కాపీతో, కొత్త నంబర్లు పెట్టి ఆ సాయంత్రం పరీక్షలు వదిలాను. పొద్దునకు ఐదు ఎరుపులు. ఐదూ ఒకే కుప్పలో. డేటాను వరుసలో నిలబెట్టే క్యూ అనే భాగం ఒకటుంది. అది సరిగ్గా నిండిన క్షణంలోనే రీసెట్ వస్తే ఒక డేటా ముక్క మాయమవుతోంది. అసలు సిసలు తప్పు.

ఆ క్యూ డిజైన్ చేసిన అమ్మాయిది నా పక్క సీటే. యాడికి అనే ఊరి నుంచి వచ్చి, హాస్టల్లో ఉంటూ రెండేళ్లుగా మాతో పనిచేస్తోంది. గొంతు పెంచాల్సిన పని కూడా లేదు, చెబితే వినిపిస్తుంది. నేను క్యాలెండరు చూశాను. మా పని చూసే రివ్యూకు పెద్దాయన వచ్చేది పదకొండు రోజుల తర్వాత. నోరు మూసుకున్నాను.

ఆ పదకొండు రోజులూ నా ఉద్యోగ జీవితంలో అతి సుఖమైనవి. గోడ మీది పట్టిక ముందు నిలబడి రోజూ "భలే ఉండాదన్నా" అనేవాణ్ణి. లీడ్ పొంగిపోయేవాడు. నేను రివ్యూలో ఏ కుర్చీలో కూర్చోవాలి, ఏ గొంతుతో అడగాలి అని ఇంట్లో అద్దం ముందు చూసుకున్నాను. అమాయకంగా ఉండే గొంతు అంత సులభంగా రాదు.

మధ్యలో ఒకరోజు ఆ అమ్మాయి సంతోషంగా నా వైపు తిరిగి, "అన్నా, నా క్యూలో ఒక్క ఎరుపూ లేదు. దీన్నే ఇంగో రెండు చోట్ల పెట్టేస్తాండా. తొందరగా అయిపోతే మా అక్క సీమంతానికి నాలుగు దినాలు పోయొస్తా" అంది.

"పెట్టుకోమ్మా" అన్నాను.

రివ్యూ రోజు వచ్చింది. పెద్దాయనది హిందూపురం వైపు, కోపం వస్తే భాష ఊరికి వెళ్లిపోతుంది. లీడ్ పట్టిక తెర మీద వేసి, "అంతా పచ్చగుండాది సార్" అన్నాడు.

కిటికీ పక్క కుర్చీ నుంచి, అద్దం ముందు సాధించిన గొంతుతో అడిగాను. "సార్, ఊరికే ఒకసారి వేరే నంబర్లతో వదిలి చూస్తే?"

"ఎందుకప్పా? బాగుండేదాన్ని కెలికేది" అన్నాడు లీడ్.

పెద్దాయన తలెత్తాడు. "వేరే నంబర్లంటే ఏమి? రోజూ కొత్తవే కదా తీసుకునేది?" ఆయనే స్క్రిప్టు తెరిపించాడు. "ఈ నంబరు యాడిది?"

నేను కిటికీలోంచి కిందికి చాలా ఆసక్తిగా చూడటం మొదలుపెట్టాను. అంత ఆసక్తిగా ఏం చూస్తున్నానా అని ఆయనా లేచి వచ్చి చూశాడు. నంబరు ప్లేటు ఎండకు మెరుస్తోంది.

"అది నీ బండేనా?"

"మంచి నంబరు సార్. కూడితే తొమ్మిదొస్తాది" అన్నాడు లీడ్.

అక్కడికక్కడే కొత్త నంబర్లతో ఇరవై పరీక్షలు వదిలించారు. టీ చల్లారేలోపు రెండు ఎరుపులు వచ్చాయి. పెద్దాయన లీడ్ వైపు తిరిగాడు. "స్క్రిప్టు రాసినోడివి, నంబరు మార్చాలని నీకే తెలీదా?"

"నేను రాయలేదు సార్. ఈయప్ప రాసినాడు. నేను... పేరు పెట్టుకున్యానంతే."

ఆ మూడు వాక్యాలకూ ఐదు నెలలు పట్టింది. ఇంకోసారి చెప్పమని అడగాలనిపించింది, మర్యాద కాదని ఊరుకున్నాను. "ఇంకమీదట ఇది నీ పేరు మీదే ఉండనీ" అన్నాడు పెద్దాయన నాతో. వచ్చే వారం నుంచి లీడ్‌గా ఇంకొకరు వస్తారనీ చెప్పాడు. మధ్యాహ్నం రెండు సంగటి ముద్దలు తిన్నాను. మామూలుగా ఒకటే.

సాయంత్రం మెట్ల దగ్గర కుళాయి కింద టీ గ్లాసు కడుగుతుంటే ఆ అమ్మాయి వచ్చి నిలబడింది. క్యూ పెట్టిన మూడు చోట్లా మళ్లీ చేయమన్నారు, సెలవు రద్దయింది. ఆ తప్పు మొదట ఎప్పుడు బయటపడిందో చూద్దామని సర్వర్లో పాత ఫలితాలన్నీ వెతికిందట. అలా వెతకడం మంచి ఇంజనీరు చేయాల్సిన పనే. నేనే నేర్పాను.

"నీ ఫోల్డరు చూసినా అన్నా. ఐదు ఎరుపులుండాయి. పదకొండు దినాల కిందటివి."

గ్లాసు శుభ్రంగానే ఉంది. ఇంకోసారి కడిగాను. నవ్వించేందుకు ఏదైనా అనాలని చూశాను.

"ఆయప్ప తెలీక చేసినాడు" అంది. "నువ్వు తెలిసి చేసినావు."