జమ్మలమడుగు పక్క చర్చి గోడ మీద మన గొర్రెలు

శనివారం రాత్రి చెల్లెలు సునీత ఫోన్ చేసింది. "అక్కా, రేపు ఆరాధనయినాక పెద్దలు తేలుస్తారంట. గొర్రెల్ని తీసేయమంటాండారు." చిత్రకళ చదివిన సునీత, జమ్మలమడుగు దగ్గరి పల్లెలో కొత్తగా కట్టిన చర్చిలో ఏడాదిగా మొజాయిక్ చేస్తోంది. ఆదివారం పొద్దున్నే ప్రొద్దుటూరులో బస్సెక్కాను. గంటలోపే జమ్మలమడుగు. అక్కణ్ణుంచి ఆటోకి నూట యాభై.

"ఆ రాతిముక్కల చర్చికా అక్కా? మా ఇంటోళ్ళను కూడా తీసకపోయి చూపించినా" అన్నాడు డ్రైవరు. నాకు అప్పుడే ఛాతీ పొంగింది.

మొజాయిక్ అంటే మనకు ఇళ్ళల్లో నేల. తొలినాటి క్రైస్తవులు మాత్రం రంగురాళ్ళూ గాజుముక్కలూ తడి సున్నంలో ఒక్కొక్కటే అద్ది, చర్చి గోడల మీద బొమ్మలు తీర్చేవారు. సునీత పద్ధతి అదే, రాళ్ళు మాత్రం మనవి. ఎర్రగుంట్ల వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీల వెనక పారేసిన ముక్కలు ఏరుకొచ్చింది. బలిపీఠం వెనక వంపు గోడ మీద కాపరిగా ప్రభువు, చుట్టూ గొర్రెలు. గోధుమరంగువి, వేలాడే చెవులవి.

ఆరాధన ముగిశాక సంఘ పెద్ద లేచాడు. "పటాల్లో గొర్రెలు తెల్లగా, ఉన్నితో ఉంటాయి. ఇవేంది, మన మందలోవి మాదిరుండాయి?"

"మన మందను చూసే చేసినా పెద్దనాయనా" అంది సునీత. తల దించలేదు.

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలామె లేచింది. "నేను పుట్టినప్పట్నుంచి గొర్రెలు కాసినా. మన గొర్రెలైతే ఆయన కాయడా, అప్పా?"

పెద్దాయన గోడ దగ్గరికి నడిచాడు. ఒక గొర్రె చెవిని వేలితో తడిమాడు. "శానా బాగా కుదిరింది. ఉండనీండి" అన్నాడు. సునీత నా భుజం మీద తల వాల్చింది. దాని వేళ్ళ నిండా సున్నానికి పొక్కిన పుండ్లు.

సాయంత్రం దాకా ఉండిపోయాను. ఎక్కడో ఇటలీలో పుట్టిన పని అనుకున్నదాంట్లో మా రాయి, మా జీవాలు, మా చెల్లెలి చెయ్యి కనిపించాయి. ఈ జిల్లాలో పుట్టినందుకు అంత గర్వం నాకెప్పుడూ కలగలేదు.

పులివెందుల నుంచి వచ్చేవాళ్ళు తొండూరు, ముద్దనూరు మీదుగా రండి. ఎండ పడమటి తలుపులోంచి లోపలికి వచ్చే వేళకు చేరుకుని, ట్యూబులైట్లు ఆర్పమని అడగండి; ఆ ఎండలోనే రాళ్ళు మెరిసేది.