నాన్నమ్మ వడ్డించిన జెల్లీఫిష్

డిగ్రీలో ఉండగా కాలేజీ ఎగ్జిబిషన్‌కి నేను మంచినీటి జెల్లీఫిష్ మోడల్ చేశాను. బాగా చేసినవాళ్లని పూరీ టూర్‌కి తీసుకెళతామన్నారు. జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగిన నేను అప్పటికి సముద్రమే చూడలేదు. నాన్నమ్మేమో శ్రీకాకుళం వైపు భావనపాడులో, సముద్రం ఒడ్డున పుట్టింది. సముద్రం మాటొస్తే చాలు, నన్ను జాలిగా చూసేది. ఆ చూపుకి నాకు ఒళ్లు మండేది.

జెల్లీఫిష్‌కి ఎముకల్లేవు, మెదడూ లేదు. గొడుగులాంటి ఒళ్లు, దాని అంచున లోపలికి తిరిగిన పల్చటి పొర, చుట్టూ దారాల్లాంటి స్పర్శకాలు. నడుమ వేలాడే గొట్టం చివర నోరు. తినడం, విసర్జించడం రెండూ ఆ దారినే. గొట్టం మొదలు నుంచి అంచుదాకా నాలుగు కాలువలు, ఒక్కోదానికీ ఒక బీజకోశం, అంటే మగదైతే వృషణం, ఆడదైతే అండాశయం. జెల్లీలా గడ్డకట్టే చైనా గ్రాస్ మరిగించి గుండ్రటి గిన్నెలో పోసి గొడుగు చేశాను. పొరకి పాల మీగడ, స్పర్శకాలకి సేమియా, గొట్టానికి అరటిపండు ముక్క, కాలువలకి గులాబీ షర్బత్, బీజకోశాలకి నేతిలో వేయించిన కిస్‌మిస్‌లు. నేను చూడకుండా నాన్నమ్మ పంచదార, యాలకుల పొడి కలిపేసింది.

"చప్పిడిది నలుగురికీ ఎలాగ చూపిత్తావే?" అంది.

"యే ఖానే కే లియే నహీ హై," అన్నాను, ఇది తినడానికి కాదని. వింటేగా.

సిద్ధగోరాలో మా ఇంటి నుంచి ఆటోలో గిన్నె ఒళ్లో పెట్టుకుని తనూ వచ్చింది. బల్ల మీద గొడుగు బోర్లించి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి జడ్జీలుగా వచ్చిన లెక్చరర్లిద్దరి చేతుల్లో పేపరు ప్లేట్లు. మావాళ్లు ఎదుట నిలబడ్డ మనిషిని నోరు తీపి చెయ్యకుండా పంపరు.

"తినండి బాబూ, మొగమాటం ఏటి," అంటూ నాన్నమ్మ సగం జెల్లీఫిష్‌ని చెంచాతో కోసి వడ్డించేసింది.

పూరీ టూర్ చేజారినట్టే అనుకున్నాను. ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. ఆ కోపంలోనే మిగిలిన సగాన్ని నిలువుకోతగా చూపిస్తూ పాఠం అప్పజెప్పాను. దీని పుట్టిల్లు చైనాలో ఒక నది. అక్కణ్ణుంచి నీటిమొక్కలతోపాటు బయల్దేరి, అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల చెరువుల్లోనూ కాపురం పెట్టింది.

పెద్ద లెక్చరరు నములుతూనే హిందీలో అడిగారు. "బీజకోశాలు నాలుగుండాలిగా? రెండే ఉన్నాయే?"

"ఒకటి మేడమ్ మింగేశారు సార్. ఇంకోటి మీ నోట్లో ఉంది."

ఆయన దవడ ఆగిపోయింది. మేడమ్ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. సార్ కళ్లు మూసుకుని ఎలాగో మింగి, టూర్‌కి నన్ను రమ్మన్నారు. సంతోషంతో గంతెయ్యాలనిపించింది.

ఈలోగా నాన్నమ్మ మిగిలిన రెండూ ఏరి ఆయన ప్లేట్లో వేసింది. "బాబుకి కిస్‌మిస్ ఇష్టంలాగుందే అమ్మీ."