కోడి అరిగిపోయిన పెన్నీతో నిర్మల్‌కు

అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. ఇక చూపు తిరిగి రాదని డాక్టరు తేల్చేశాక అవ్వ అడిగింది ఒక్కటే: తన పెన్నీ మీది కోడిని మళ్లీ ఒకసారి చేత్తో తడమాలని. తల్లి లేని పిల్లగా మిషన్ హాస్టల్లో పెరిగిన ఆమెకు, ఐర్లాండ్ నుంచి వచ్చిన నర్సు సిస్టరమ్మ ఒకావిడ వెళ్లిపోతూ ఇచ్చిన కంచు నాణెం అది. 1928లో ఆ దేశం సొంత నాణేలు తెచ్చుకున్నప్పుడు బ్రిటిష్ రాజుగారి తల తీసేసి పందిని, కుందేలును, కోడిని వేసుకుంది. పెన్నీ వంతుకు పిల్లల కోడి వచ్చింది. 1971లో డబ్బు లెక్కల పద్ధతి మారి ఆ పెన్నీ చెల్లకుండా పోయింది. మా ఇంట్లో మాత్రం ఏటా క్రిస్మస్ ముందు ఇత్తడి చెంబులతో పాటు దానికీ చింతపండు తోముడే. తోమీ తోమీ కోడిని అవ్వే మాయం చేసింది. తళతళ మెరుస్తుంటే మాకూ సంబరంగానే ఉండేది.

నిర్మల్ కొయ్యబొమ్మల వాళ్లయితే ఆ కోడిని చెక్కి ఇస్తారనిపించి, పొద్దున ఏడింటికి అవ్వా నేనూ కరీంనగర్‌లో బస్సెక్కాం. ఆడవాళ్లం కాబట్టి ఆధార్ కార్డులు చూపిస్తే ఇద్దరికీ సున్నా టికెట్టే. ధర్మపురి దాటాక గోదావరి వంతెన మీద అందరూ కిటికీల్లోంచి చిల్లర విసురుతుంటే అవ్వ పెన్నీ కట్టిన కొంగు ముడిని గట్టిగా పట్టుకుంది.

"నువ్వెయ్యవా అవ్వా?" అన్నాడు కండక్టరు.

"నాది చెల్లని బిళ్ళ కొడుకా. గోదారికి కోపమొస్తది!"

లక్షెట్టిపేటలో బస్సు మారి, ఖానాపూర్‌లో చాయ్ తాగి, మధ్యాహ్నానికి నిర్మల్ చేరాం. బొమ్మలు చేసే ఆయన పెన్నీని వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు.

"ఏం గనిపిస్తలే అక్కా. నున్నగున్నది."

"కోడి బిడ్డా, ఐదు పిల్లలు," అంది అవ్వ.

"మన నాటుకోడి లెక్కనేనా పెద్దమ్మా?"

"కోడి ఏడనైన కోడే గద!"

సాయంత్రానికి తేలికైన పొనికి చెక్కలో కోడి లేచింది. అవ్వ వేళ్లు వీపు మీంచి దిగి, పిల్లలను ఒక్కొక్కటే తడిమి ఆగిపోయాయి. "గిట్ల కాదు. ఒక పిల్ల తల్లి కాళ్ల కాడ ఉండాలె." ఆయన విసుక్కోకుండా చివరి పిల్లను తీసేసి, ఇంకోదాన్ని చెక్కి అక్కడ అతికించాడు. అవ్వ దాని మీద వేలు పెట్టి, మరి తీయలేదు.

"గిదే. గిది నేనంట. తల్లి లేదని ఏడుస్తుంటే సిస్టరమ్మ సూపిచ్చింది."

ఇన్నేళ్లలో ఆ మాట మాకెవరికీ చెప్పలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ దేశం పక్కన పెట్టేసిన పైసను ఒక పిల్ల తన తల్లిగా దాచుకుంది. దాన్ని ముద్దుగా చూసుకోవడమే దాన్ని అరగదీసింది. ఆ తప్పును తప్పనడానికి నాకు మనసొప్పలేదు. మీరూ ఇలా బొమ్మ చేయించుకోవాలనుకుంటే ఓ మాట: రంగులు వేసి ఆరడానికి రోజులు పడతాయి, ముందే చెప్పి వెళ్లండి. మాకైతే రంగులతో పని లేదు.