టమాటా తోటలో తెల్ల డబ్బా

మా వైపు తోటల్లో కాసేవాటితో పాటు కాయనివి కూడా చాలా ఉంటాయి. టమాటా బాగా పట్టిందంటే చాలు, దారిన పోయేవాళ్ల కళ్లు పడతాయని గట్టున ఏదో ఒకటి నిలబెడతారు. బూడిద గుమ్మడికాయ, తెగిన చెప్పు, నాలుక చాపిన రాక్షసుడి బొమ్మ, పగిలిన హెల్మెట్. మా పక్క తోట మామ ఒకసారి చెడిపోయిన టీవీని తెచ్చి కొయ్య మీద కూర్చోబెట్టాడు. దిష్టి తగ్గిందో లేదో గానీ, దాన్ని చూడ్డానికి జనం బండ్లు ఆపి మరీ దిగేవాళ్లు. అందుకే మా తోటల్లో కొత్త వస్తువు కనబడితే అదేమిటని ఎవరూ పెద్దగా ఆలోచించరు. ఎవరు పెట్టారన్నదే అడుగుతారు.

ఆ ఆదివారం పొద్దున్నే నాయన ఫోన్ చేశాడు. "పాపా, మన తోటలో ఏమో పడుండాది. నువ్వొకసారి వచ్చి చూడు" అన్నాడు.

పెళ్లయ్యాక నేను హోసూరులోనే ఉంటూ ఒక కంపెనీలో పని చేస్తున్నాను. మిషన్ల విడిభాగాలు కొలతల ప్రకారం వచ్చాయో లేదో చూడడం నా ఉద్యోగం. ఆ మాత్రానికే లోకంలో ఉన్న యంత్రాలన్నీ నాకు తెలుసని నాయన నమ్మకం. మిక్సీ ఆగినా నాకే ఫోన్, బోరు మోటారు కాలినా నాకే ఫోన్. ఏం పడిందని అడిగితే "చెప్పేదానికి రాదు, వచ్చి చూడు" అని గొంతు తగ్గించి చెప్పి ఫోన్ పెట్టేశాడు. సెలవు రోజు ఇంకాసేపు పడుకుందామనుకున్నదాన్ని విసుక్కుంటూ స్కూటర్ తీశాను. కృష్ణగిరి రోడ్డు దిగి ఊరి దారి పట్టేసరికి గట్టు మీద జనం కనిపించారు. అంతమందిని ఆ గట్టు మీద నేను అంతకుముందు చూడలేదు.

తోట నడుమ సాళ్లలో పడి ఉంది. అరచేతి కంటే కాస్త పెద్ద తెల్ల డబ్బా. దానికి కట్టిన దారం టమాటా కొయ్యల మీదుగా చాలా దూరం చుట్టుకుపోయింది. దారం మధ్యలో ఎర్ర గుడ్డ ఒకటి, విరిగిన గొడుగులాగా. దాని అవతల కొసకు చినిగిన రబ్బరు తోలు, పాలిపోయి ముడతలు పడి, ఏదో జంతువు పేగులాగా వేలాడుతోంది. నిజం చెప్పాలంటే నాకు కూడా దగ్గరికి పోబుద్ధి కాలేదు.

పాల సొసైటీ ఆయన క్యాన్లు బండి మీదే వదిలేసి వచ్చి తేల్చేశాడు. "ఇది కెమెరాప్పా. కంపెనీలకు భూమి చూసేదానికి ఇడిసినారు. రేపో మాపో నోటీసు వస్తాది చూడు." భూమి మాట వచ్చేసరికి అందరి మొహాలూ వాడిపోయాయి.

పక్క తోట మామ ఒప్పుకోలేదు. "కెమెరాకు దారమెందుకప్పా? బెంగళూరోళ్లు పెండ్లిళ్లలో బుడగలు ఎగరేస్తారు గదా, అది. ఆ డబ్బాలో పెండ్లికూతురి నగ ఉన్నా ఉంటాది." ఆ మాట ఆయనకే నచ్చినట్టుంది, ఒక కాలు సాల్లోకి దింపాడు. మళ్లీ ఏమనుకున్నాడో పైకి తీసుకున్నాడు.

"ఏనుగు మెడకు కట్టే మిషన్ అయ్యుంటాది. అంచెట్టి అడవిలో ఏనుగులకు కడతారంట. అది తెంపుకోనుంటాది" అన్నారు ఇంకెవరో.

"ఏనుగు ఈడికొచ్చి, ఒక్క చెట్టు గూడా తొక్కకుండా, మెడలోది విప్పి పెట్టి పోయిందా?" అన్నాడు నాయన. ఆయన తోట కాబట్టి నవ్వలేదు, మిగతావాళ్లు నవ్వారు. బాంబు అన్నవాళ్లు ఉన్నారు. సినిమా షూటింగు అన్నవాళ్లు ఉన్నారు. పోలీసులకు చెబుదామంటే, వాళ్లొచ్చి తోటంతా తొక్కి పోతారని నాయన వద్దన్నాడు. నాకు మాత్రం ఇదంతా బాగానే ఉంది. చదువుకున్నదాన్ని కాబట్టి నన్ను అడుగుతారు, అడిగినప్పుడు చెబుదామని చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎవరూ అడగలేదు, పిలిపించిన నాయన కూడా.

నవ్వులన్నీ కోత కూలీల పెద్దామె నోరు తెరవగానే ఆగిపోయాయి. "ఎర్ర గుడ్డ, దారం, తోలు. ఇంకేం గావాల? ఇది పడింది కాదు, పెట్టింది. దీన్ని తీసేంత వరకు మేము తోటలోకి దిగము" అంది. అని గట్టున కూర్చుని తమలపాకులు తీసింది. తక్కిన ఆడవాళ్లు ఆమె వెంట కూర్చున్నారు. కాయలన్నీ పండి ఉన్నాయి. ఆ రోజు తెంపకపోతే పగిలి కారిపోతాయి. అయినా వాళ్లను తప్పు పట్టలేను, బిడ్డల తల్లులు.

పెట్టింది ఎవరని ఎవరూ పైకి అనలేదు. అందరి చూపులూ మాత్రం మా ఇంటి వైపు తిరిగాయి. ఎవరి కోసమో నాకు తెలుసు.

మా చిన్నమ్మ, అంటే నాయన తమ్ముడి భార్య, అంచెట్టి కొండల అవతలి పల్లె నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చింది. ఆమె వచ్చిన కొత్తలో లేవలేక పడి ఉన్న మా ఆవు ఒకటి ఆమె వీపు నిమరగానే లేచి నిలబడిందట. అది ఎండ తగ్గి లేచిందో, ఆకలేసి లేచిందో ఎవరికి తెలుసు. కొండోళ్లకు మంత్రాలేవో వచ్చునని ఊరు ఖాయం చేసుకుంది. ఆమె కాదనలేదు. చిన్నాయన పిల్లలు పుట్టకముందే పోయాడు. మా ఊళ్లో మొగుడూ పిల్లలూ లేని ఆడమనిషిని శుభానికి పిలవరు. పిలవకపోయినా వెళ్తే, మర్యాదగానే, ఒక మూల చాప చూపిస్తారు. కానీ పసిబిడ్డ గుక్కపట్టి ఏడిస్తే, పాడి గేదె తన్నితే, కొత్త బోరులో నీళ్లు పడకపోతే చిన్నమ్మ కావాలి. అప్పుడు నేరుగా నడింట్లోకి తీసుకుపోతారు. ఆమెకు ఊళ్లో ఉన్న చోటంతా ఆ పేరు మీదే నిలబడి ఉందని నాకు చాలాకాలంగా తెలుసు. ఇప్పుడు అదే పేరు ఆమె మెడకు చుట్టుకుంటోంది. తీయడం వచ్చినదానికి పెట్టడం రాదా అన్నది గట్టు మీద వాళ్లందరి మనసులో మాట.

ఎవరు పెట్టినా తీయడానికి ఆమే కావాలి. పిలవడానికి నాయన, నేను వెళ్లాం. మా వాళ్లలో బావ వరసైనవాడు తమ్ముడి భార్యతో మొహం చూసి మాట్లాడడు. మా ఇంటి పక్కవాటాలో ఆమె ఒక్కతే ఉంటుంది. నాయన ఆ వాకిట్లో నిలబడి, గోడకు చెప్పినట్టు, "పాపా, మీ చిన్నమ్మను కొంచెం తోట దాకా రమ్మని చెప్పు" అన్నాడు. చిన్నమ్మ తలుపు వెనకే ఉంది. "ఏమైందని అడుగు పాపా" అంది. నాయన చెప్పాడు, నేను మోశాను. ఆమె అడిగింది, నేను మోశాను. ఇద్దరికీ అన్నీ వినబడుతూనే ఉన్నాయి. చివరికి నాయన, "మీ చిన్నమ్మ మీద నాకేం అనుమానం లేదని గూడా చెప్పు" అన్నాడు. అది నేను చెప్పేలోపే చిన్నమ్మ కొంగు చెక్కుకుని బయటికి వచ్చింది.

గట్టు దగ్గర జనం పక్కకు తప్పుకున్నారు. ఆ తప్పుకోవడంలో మర్యాద ఎంతుందో భయం ఎంతుందో చెప్పడం కష్టం. చిన్నమ్మ డబ్బాను దూరం నుంచి చూసింది. ఆమె కళ్లలో భయం నాకు కనబడింది. వేపమండ కావాలంది, పసుపు నీళ్ల చెంబు కావాలంది. చెంబు పట్టుకుని ఆమె వెనక నడవడానికి ఒకరు కావాలి. ఎవరూ కదల్లేదు. కూలీల పెద్దామె కాసేపు ఆలోచించి, "పెండ్లి చేసి ఇచ్చేసిన ఆడబిడ్డకు పుట్టింటి కీడు తగలదు" అని నా వైపు చూసింది. అలా నన్ను పిలవాల్సిన పని మొత్తానికి వచ్చింది.

చిన్నమ్మ ముందు, చెంబుతో నేను వెనక, తోట చుట్టూ తిరిగాం. ఆమె వేపమండతో కొయ్యలను తాకుతూ, పెదాలు కదుపుతూ ఏదో గొణుగుతోంది. గట్టు మీద అందరూ తలలు వంచుకున్నారు. నేను కొంచెం దగ్గరగా జరిగి చెవి పెట్టాను. హోసూరు, మత్తిగిరి, డెంకణికోట, అంచెట్టి. మళ్లీ అంచెట్టి, డెంకణికోట, మత్తిగిరి, హోసూరు. ఆమె పుట్టింటికి పోయే బస్సు ఆగే ఊర్లవి. నాకు నవ్వు పొంగుకొచ్చి పెదవి కొరుక్కున్నాను. మూల తిరిగేటప్పుడు ఆమె మొహం చూశాను. కళ్లు మూసుకుని, నిజంగానే ఎటో పోతున్నదానిలాగా ఉంది. నవ్వు పోయింది.

చుట్టు ముగిశాక ఆమె సాళ్లలోకి దిగింది. వేపాకులు అడ్డం పెట్టి డబ్బాను ఎత్తింది, దారాన్ని కొయ్య కొయ్య దగ్గరా ఓపికగా విప్పి చుట్ట చుట్టింది, ఎర్ర గుడ్డనూ తోలునూ అందులో పెట్టి కొంగులో మూట కట్టింది. "పాప తప్ప ఎవరూ వెనక రావద్దు. వెనక్కి చూడద్దు" అంది. నేనూ ఆమే మామిడి తోపు దాటి, ఎవరికీ కనబడని పల్లంలోకి వచ్చాం. అక్కడ కూర్చుని మూట విప్పి డబ్బాను నా ఒళ్లో పెట్టింది.

"ఏమో అచ్చేసుండారు దీని మీద. చదువు పాపా."

చదివాను. వాతావరణం చూసే పరికరం, దీనితో ప్రమాదం లేదు అని ఇంగ్లీషులో ఉంది. రబ్బరు తోలు దాన్ని పైకి తీసుకుపోయిన బుడగది. బాగా పైకి పోయాక బుడగ పగిలిపోతే, ఆ ఎర్ర గుడ్డ విచ్చుకుని డబ్బాను మెల్లగా కిందికి దించుతుంది. ఇదంతా చిన్నమ్మకు చెప్పాను.

"వానను చూసేదానికా?"

"వాన, గాలి, అన్నీ."

"అంత పైకి పోయొచ్చిందా ఇది" అని కొంగుతో డబ్బా మీది మట్టి తుడిచింది. భయం పోయి, ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా అయింది.

నాకు పట్టరాని సంతోషం వచ్చింది. "లే చిన్నమ్మా, పోయి అందరికీ చెబుదాం. ఎవరూ పెట్టలేదు, పైనుంచి పడిందని చెబుదాం. నీ మీద మాట పోతాది" అని లేచాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "చెప్పద్దు" అంది.

"నువ్వే పెట్టినావని అనుకుంటా ఉండారు వాళ్లు."

"అనుకోనీ. కొన్నాళ్లు తిడతారు. తిట్టినోళ్లే బిడ్డ ఏడిస్తే నా దగ్గరికి వస్తారు." కాసేపు డబ్బాను చేతుల్లో అటూ ఇటూ తిప్పింది. "దీనికి ఏ మంత్రమూ అక్కర్లేదని ఈ పొద్దు తెలిసిపోతే, బిడ్డ ఏడుపుకు గూడా అక్కర్లేదని రేపు తెలిసిపోతాది. నాకేం వచ్చు పాపా? ఏమీ రాదు. ఏమీ రానిదాన్ని ఊరికే ఎవరు పిలుస్తారు?"

నాకు కోపం వచ్చింది. ఊరి మీదా, ఆమె మీదా, ఎవరి మీదో తెలియదు. నువ్వు మంత్రాల కోసం కాదు, మనిషిగా కావాలి అని చెప్పాలనుకున్నాను. కానీ నేను హోసూరు నుంచి వచ్చినప్పుడల్లా నాయనను చూసి, అమ్మ వండింది తిని, సాయంత్రానికి పోయేదాన్ని. ఆమె గడపలోకి పోయి ఊరికే కూర్చున్నది ఎప్పుడో గుర్తు రాలేదు. లేచినదాన్ని మళ్లీ ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరం కలిసి ఒక రాయితో గుంత తవ్వాం. పూడ్చే ముందు ఆమె డబ్బాను ఇంకొకసారి చూసుకుంది.

తిరిగి వచ్చేసరికి ఆడవాళ్లు తోటలోకి దిగడానికి బుట్టలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. చిన్నమ్మ పైపు దగ్గరికి పోయి కాళ్లు కడుక్కోసాగింది. కూలీల పెద్దామె నా దగ్గరికి వచ్చి, అందరికీ వినబడేటట్టే అడిగింది. "నువ్వు చదువుకున్నదానివి, దగ్గరుండి చూసినావు. నిజం చెప్పు పాపా, ఏముండె దాంట్లో?"

పొద్దుటి నుంచి నేను ఎదురుచూసిన ప్రశ్న అదే. నాయన నా వైపు తిరిగాడు, పాల సొసైటీ ఆయన తిరిగాడు, మామ తిరిగాడు. పైపు కింద నీళ్లు పోతూనే ఉన్నాయి గానీ చిన్నమ్మ చేయి ఆగిపోయింది. ఆమె వెనక్కి తిరగలేదు.

"నాకేం తెలుసక్కా, మా చదువులకు అందేది కాదది" అన్నాను. "చిన్నమ్మనే అడగండి."

పెద్దామె బుట్ట కింద పెట్టింది. పైపు దగ్గరికి పోయి, నడుముకు దోపుకున్న తుండు తీసి చిన్నమ్మకు కాళ్లు తుడుచుకోమని ఇచ్చింది. "మా ఇంట్లో బాలింత ఉండాది. బిడ్డకు ఈ సాయంత్రం పేరు పెడతా ఉండాము. నువ్వొచ్చి బిడ్డను ఎత్తుకోవాలమ్మా" అంది. చిన్నమ్మ తుండు చేతిలో పట్టుకుని, వస్తానన్నట్టు తల ఊపింది. కాళ్లు తుడుచుకోవడం మాత్రం మరిచిపోయింది.